సుంకరిమెట్ట ఎక్కని బండి

మా మావ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను గుమ్మలక్ష్మీపురంలో మూడో తరగతి పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మావ అంటే మా అమ్మ తమ్ముడు. అరకు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ జీపు మావ. రెండు రోజుల ముందే విశాఖ పెద్దాసుపత్రిలో చేర్పించి, కుదుటపడ్డాడని డాక్టరు చెబితే, సెలవు లేక వెనక్కొచ్చాను. పిల్లల్ని ఆడుకోమని పంపేసి ఖాళీ క్లాసులో కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు, చదివేవాళ్లు కొంచెం ఓర్చుకోవాలి.

దినం నాడు అరకులో లాడ్జి నడిపే షావుకారు వచ్చాడు. మా అమ్మ పక్కన కూర్చుని, "బంగారంలాంటి మనిషమ్మా. ఆటోమేటిక్ బండి నడపడం చేతకాక చెడిపోయాడు గానీ," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. మావకి బండి నడపడం చేతకాదట. ఇది రాయడానికి కారణం ఆ మాటే.

తొంభైల్లో మా ఊరికి బస్సు లేదు. పెదబయలు సంతకి పోవాలంటే మావ జీపే దిక్కు. చింతపండు బుట్టలు, అడ్డాకుల మోపులు, కోళ్లు, ముసలమ్మలు, అన్నీ అందులోనే పట్టేవి. ముందు సీట్లో మావ పక్కన అత్త ఉండాల్సిందే. ఆవిడ లేకుండా మావ ఏ సంతకీ బయల్దేరేవాడు కాదు. ఘాటు రోడ్డు దిగుడు రాగానే డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేసి ఇంజను కట్టేసేవాడు. మా వైపు జీపు డ్రైవర్లందరూ చేసే పనే అది. ఇంజను మోత ఆగితే గొంతు వినబడుతుంది కాబట్టి అప్పుడు అత్త పాట ఎత్తుకునేది, వెనకవాళ్లు అందుకునేవారు. నా చిన్నప్పుడు ఘాటు దిగడమంటే పాట పాడుకోవడమే.

దారిలో ఎవరైనా జ్వరంతో పడి ఉన్నారని తెలిస్తే మావ సంతకెళ్లేవాళ్లని దింపేసేవాడు. "సంత వొచ్చే వారం కూడా ఉంటాది, దిగండి," అనేవాడు. వాళ్లు నాలుగు తిట్టి దిగేవారు. రేపు తమకే అవసరం పడొచ్చని వాళ్లకీ తెలుసు.

రెండువేల సంవత్సరం దాటాక అరకుకి టూరిస్టులు ఎక్కువయ్యారు. జీపు ఎక్కమంటే మొహం చిట్లించేవారు. అప్పుడు ఈ షావుకారే మావని పిలిచి, "ఏసీ బండి తెచ్చుకో, మా గెస్టులందర్నీ నీకే అప్పజెప్తా," అన్నాడు. విశాఖలో తనకి తెలిసిన సెకండ్ హ్యాండ్ బళ్ల వ్యాపారి దగ్గరికి పంపిందీ ఆయనే. మావ జీపు అమ్మేసి వెళ్లాడు. అత్త, నేను కూడా వెళ్లాం.

అది ఎవరో కాంట్రాక్టరు వాడేసి వదిలించుకున్న విదేశీ బండి. ఎత్తుగా, తోలు సీట్లతో, లోపల అత్తరు వాసనతో ఉంది. ఆటోమేటిక్, క్లచ్ లేదు. వ్యాపారి చల్లటి పొద్దున్నపూట బీచి రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూపించాడు. వెన్నలా నడిచింది. మావ నెమ్మదిగా, "సింహాచలం కొండ ఓపాలి ఎక్కించి సూద్దునా బాబూ," అని అడిగాడు. వ్యాపారి నవ్వాడు. "ఇలాంటి బండికి కొండ ఓ లెక్కా? నీ జీపనుకున్నావా?"

మావ సిగ్గుపడి ఊరుకున్నాడు. అడగాల్సింది సరిగ్గా అడిగి, అవతలివాడు నవ్వేసరికి నోరు మూసుకున్నాడు. మైదానం షావుకార్ల ముందు మా కొండవాళ్లకి వచ్చే ఆ సిగ్గు ఉంది చూశారూ, దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

చలికాలం వచ్చేసరికి బండి గుణం బయటపడింది. పొద్దున్నే గేరులో వేస్తే కాసేపు కదలకుండా ఉండి, తర్వాత ధడేలుమని ముందుకి దూకేది. ఎత్తు మీద వేడెక్కితే ఇంజను అరిచేది గానీ బండి జరిగేది కాదు. ఫోను చేస్తే వ్యాపారి, "ఆటోమేటిక్ అంటే అంతే, అలవాటు పడాలి," అన్నాడు. అరకు మెకానిక్కులు అలాంటి గేర్‌బాక్సు ఎప్పుడూ విప్పలేదు. బానెట్ ఎత్తి, చూసి, దించేసేవారు.

ఆ మరుసటి వానాకాలం అత్తకి మలేరియా తలకెక్కింది. బేగి విశాఖ తీసుకుపొమ్మని అరకు ఆసుపత్రిలో చెప్పారు. వెనక సీట్లో అత్త తల నా ఒళ్లో పెట్టుకున్నాను. విశాఖ వైపు దిగాలంటే ముందు సుంకరిమెట్ట ఎక్కాలి. సగం ఎత్తులో ఇంజను గోల పెట్టడం మొదలెట్టింది, కాలిన నూనె వాసన వచ్చింది, బండి నిలబడిపోయింది. మావ చల్లారనిచ్చి మళ్లీ వేశాడు. కొంచెం కదిలి వెనక్కి జారింది. కాఫీ తోటలో పనిచేసేవాళ్లు పరిగెత్తుకొచ్చి తోశారు. జీపుకైతే ఆ తోపు సరిపోయేది. ఈ బరువుకి, ఆ వానలో కాళ్లు జారుతుంటే, ఒక్క మలుపు దాటించి చేతులెత్తేశారు.

"ఏటయ్యింది?" అని అత్త కళ్లు తెరిచింది.

"ఏటీ నేదు. పడుకో," అన్నాడు మావ.

చాలాసేపటికి బస్సొచ్చింది. ఆ డ్రైవరు మహానుభావుడు, స్టాపుల్లో ఆపకుండా తీసుకుపోయాడు, బస్సులో ఒక్కరు కూడా కాదనలేదు. అయినా శృంగవరపుకోట చేరకముందే అత్త పోయింది, నా ఒళ్లోనే. త్వరగా వచ్చినా దక్కేది కాదేమో అని తర్వాత ఎవరో ఓదార్చబోయారు. దక్కేదేమో. ఎవరికి తెలుసు?

బండిని లారీ మీద విశాఖ చేర్చినప్పుడు వ్యాపారి మావని పదిమందిలో నిలబెట్టి అడిగాడు. "ఘాటులో న్యూట్రల్ వేసి దించేవాడివా?"

"ఏసినాను బాబూ," అన్నాడు మావ. అబద్ధం ఆడటం రాదు.

"అదీ సంగతి. గేర్‌బాక్సు నువ్వే చేతులారా కాల్చుకున్నావు."

షావుకారు ఆ మాట అరకు మోసుకొచ్చి ఊరంతా పంచాడు. ఆ తర్వాత విశాఖలో గేర్‌బాక్సు విప్పిన మెకానిక్కు నాతో వేరే సంగతి చెప్పాడు. లోపలి ప్లేట్లు ఎప్పుడో కాలిపోయి ఉన్నాయట. జారుతున్నట్టు తెలియకుండా ఆయిల్లో ఏదో చిక్కటి మందు పోశారట. చల్లగా ఉన్నంతసేపు అది పట్టి ఉంచుతుంది, కొండ చలికైతే మరీ గడ్డకడుతుంది, వేడెక్కితే పలచబడిపోతుంది. న్యూట్రల్ వేయడం తప్పే. కానీ స్టీరింగు బిగుసుకుపోతుందని ఈ బండికి మావ ఇంజను కట్టేసేవాడు కాదు, కాబట్టి లోపల ఆయిలు తిరుగుతూనే ఉంటుంది, దానివల్ల ఇంత నాశనం కాదన్నాడు.

పరుగున వెళ్లి మావకి చెప్పాను. అంతా విన్నాడు.

"అయినా నాను న్యూట్రల్ ఏసినాను గదమ్మీ," అన్నాడు.

బుజ్జగించి చెప్పాను, తిట్టి చెప్పాను, ఏళ్ల తరబడి చెప్పాను. నోటివెంట ఇంకో మాట రాలేదు. తన పెళ్లాన్ని తనే చంపుకున్నానని నమ్మి బతికాడు. బండి అమ్మినవాడు మాత్రం హాయిగా నిద్రపోయాడు. వాణ్ని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

మావ మళ్లీ స్టీరింగు పట్టలేదు. కానీ పెద్ద బండి పాతది కొనాలనుకున్న డ్రైవరు ఎవరు పిలిచినా విశాఖ దాకా వెళ్లేవాడు. గేర్‌బాక్సులో ఆయిలు కొలిచే పుల్ల లాగి, దానికంటిన ఆయిలు తెల్ల కాగితం మీద రాసి, వాసన చూసేవాడు. నల్లబడి మాడు వాసనొస్తే బేరం దాకా పోనిచ్చేవాడు కాదు. కొండ ఎక్కించనన్న వ్యాపారి దగ్గర టీ కూడా తాగేవాడు కాదు. "సల్లగున్నప్పుడు అన్ని బళ్లూ మంచియే. ఏడెక్కినాక సూడాల," అనేవాడు. "నవ్వితే నవ్వనీరా, కొండెక్కించమను," అనేవాడు. ఆ ముక్క తను నేర్చుకోవడానికి ఎంత పోగొట్టుకున్నాడో కుర్ర డ్రైవర్లకి తెలీదు. అతను వద్దన్న బళ్లు కొనకుండా బాగుపడ్డవాళ్లు దినానికి వచ్చారు. షావుకారు మాటకి తలలూపినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

నేను ఊరుకోలేదు. "ఆ వ్యాపారి దగ్గరికి పంపింది మీరే కదండీ," అన్నాను. షావుకారు భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. అమ్మ నన్ను కోప్పడింది.

ఇప్పుడు అరకుకి అంబులెన్సు వచ్చింది. పోవడానికి రెండు రోజుల ముందు, ఊపిరి అందక మావ మగతలో ఉంటే అందులోనే విశాఖ తీసుకెళ్లాం. సుంకరిమెట్ట ఎత్తు మొదలవగానే దుప్పటి కింద అతని ఎడం కాలు కదిలింది. క్లచ్ తొక్కుతున్నాడు. ఎడం చెయ్యి గాల్లో గేరు కోసం వెతికింది. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా, మార్చనప్పుడు కూడా, ఆ కాలు నొక్కుతూనే ఉంది. మొహమంతా చెమట పట్టింది.

"ఎక్కిందా?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

"ఎక్కేసింది మావా. దిగుతన్నాం," అన్నాను.

నమ్మలేదు. అనంతగిరి దాటినా ఆ కాలు నొక్కుతూనే ఉంది.