చింతపండు బస్తాకు కామెర్లు

లోకంలో ప్రతిదాన్నీ రుజువు చేసి తీరాలనిపించే వయసొకటి ఉంటుంది. నాకది జగదల్‌పూర్‌లో ల్యాబు టెక్నీషియన్ కోర్సులో చేరిన ఏడాది వచ్చింది. ఆ రోజుల్లో తెల్లకోటు తొడుక్కున్నానంటే ఎదుటివాళ్ళ మాటల్లో సగం మూఢనమ్మకంలా వినిపించేది. (మిగతా సగం నేను వినేదాన్నే కాదు.) అంత తెలివి మోసుకుని సెలవులకు కొంటా ఊళ్ళో మా ఇంటికి వచ్చేసరికి, చింతపండు, ఇప్పపువ్వు కొని అమ్మే మా దుకాణంలో నాన్న పసుపురంగు కళ్ళతో గద్దె మీద కూర్చుని ఉన్నాడు. తల మీద ఒక కాడల దండ.

అది నాయనమ్మ పని. మా వైపు పీలియా, అంటే కామెర్లు, వస్తే మొదటి వైద్యం అదే. సంతలో కూర్చునే దొర్ల తెగ అవ్వ పచ్చికాడల్ని ముక్కలుగా తుంచి, దారంతో ముడులు వేసి దండ కట్టి ఇస్తుంది. మొదట్లో అది తలకు చుట్టుకునేంతే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ పొడవై మెడలోకి, రొమ్ము మీదికి, చివరికి బొడ్డు దాకా దిగుతుంది. దండ దిగినంత మేర రోగం దిగినట్టే లెక్క. దుకాణానికి వచ్చినవాళ్ళు ధర అడగకముందే "సేటూ, ఎందాక దిగింది?" అనేవాళ్ళు. దండ మెడలోకి వచ్చాక నాన్న చొక్కా గుండీలు విప్పి మరీ చూపించేవాడు.

"నాన్నా, సుక్మా పోయి రక్తం జాంచ్ చేయిద్దాం," అన్నాను.

"ఎందుకు బిడ్డా, మెడ కాడికి వచ్చె గదా. ఇగ దిగుడే."

నా భయం వేరు. వాటంతటవే తగ్గిపోయే కామెర్లు ఉంటాయనీ, లోలోపల కాలేయాన్ని తినేసేవీ ఉంటాయనీ అప్పుడే చదువుకుని వచ్చాను. పైకి రెండూ ఒకేలా పచ్చగా ఉంటాయి. ఏవి ఏ రకమో తేల్చేది రక్తపరీక్షే. నాన్నవి రెండో రకమైతే ఎలా? బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. (నాయనమ్మ నా వాటా పప్పు కూడా పిల్లికి పెట్టేసరికి అదీ మానుకున్నాను.)

చివరికి ప్రయోగమే శరణ్యమనుకున్నాను. పచ్చికాడ ఎండితే సన్నబడుతుంది, ముడి వదులవుతుంది, దండ సాగుతుంది. రోగం ఉన్నా లేకున్నా సాగి తీరుతుంది. అవ్వ దగ్గర ఇంకో దండ కట్టించుకుని వచ్చి, రేకుల కప్పు కింద నిలబెట్టిన చింతపండు బస్తా మెడలో వేశాను. ఇక చూసుకోండి, బస్తా దండ పరుగందుకుంది. అక్కడ వేడి అలాంటిది. నాన్నేమో దండతోనే స్నానం చేసేవాడు, చెమట సరేసరి, కాడలు త్వరగా ఆరేవి కావు. ఆయనది ఇంకా గుండెల దగ్గరే ఉండగా బస్తాది నడుము దాటింది.

నాన్ననూ నాయనమ్మనూ బస్తా ముందు నిలబెట్టి, "చూశారా?" అన్నాను విజయగర్వంతో.

నాయనమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "నేను ముందే అన్న గదనే, ఈయేడు పండు రంగు మంచిగ లేదని."

నాన్న బస్తా దండ చూసి, తన దండ చూసుకుని, ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"బస్తా మీద గూడ ఇంత గట్టిగ పనిచేసేది నా మీద నడుస్తలేదంటే, నా రోగం ఉత్తది కాదు. పద బిడ్డా, దవాఖానకు."

నేను పాఠం మానుకుని సంచీ అందుకున్నాను. ఏ దారినైతేనేం, ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు.

సుక్మా బస్సులో నాన్న కిటికీ వైపు కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే, "రిపోర్టు ఎట్లొచ్చినా నువ్వు చదువు ఆపొద్దు," అన్నాడు. అన్నాళ్ళూ అందరికీ గుండీలు విప్పి చూపించిన మనిషికి లోపల ఎంత భయముందో నాకప్పుడు తెలిసింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది.

రిపోర్టు మంచిగానే వచ్చింది. ఇవి తగ్గిపోయే రకమేననీ, ఇప్పటికే తగ్గుముఖం పట్టాయనీ డాక్టరుగారు చెప్పారు. నీళ్ళు కాచి తాగమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు.

"దండ తీసెయ్యాల్నా సార్?" అని నాన్న భయపడుతూ అడిగాడు.

"ఉంచుకోండి, దానితో నష్టం లేదు. పసర్లు మాత్రం ఏవీ తాగకండి," అన్నారాయన.

ఇప్పుడు నేనే సుక్మా దవాఖాన ల్యాబులో రోజంతా సూదులు గుచ్చే పనిలో ఉన్నాను. కామెర్లకు వాడే మూలికల మీద ఎక్కడెక్కడో పరిశోధనలు జరుగుతున్నాయని విన్నప్పుడు ఆసక్తిగా చదువుతాను. సెలవు దొరికితే కొంటా వెళ్ళి దుకాణంలో కూర్చుంటాను. కొత్తగా ఎవరొచ్చినా నాన్న నన్ను చూపించి మొదలుపెడతాడు: "మా బిడ్డే బస్తాకు దండేసి నా రోగం సంగతి కనిపెట్టింది. లేకుంటే నేను దవాఖాన గడప తొక్కేటోణ్నా?" తెల్లకోటు కొత్తలో ఉన్న ఆ పిల్లయితే వెంటనే లేచి, కాడ ఎండటం దగ్గర్నుంచి మొత్తం పాఠం చెప్పి ఉండేది. పాపం, ఎంత కష్టపడిందో. నాన్న చూపు నా మీదే ఉంటుంది, సాక్ష్యం చెప్పమన్నట్టు.

"అవును," అంటాను నేను, "బస్తాకు కూడా పూర్తిగా నయమైంది."