ఉప్పు నేల మీద నున్నటి టైర్లు

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, చాచా పోయిండట" అని ఒక్క మాట చెప్పి ఏడ్చాడు. కడపలో, సొంత ఇంట్లో, నిద్రలోనే పోయారట. గల్ఫ్‌లో, రువైస్‌లో మాతోపాటు నీళ్ల ట్యాంకర్ నడిపిన ఆ మనిషి గురించి మీకు చెప్పకపోతే ఈరోజు నాకు అన్నం సహించదు.

ఎనభైలలో మాట. మేమంతా కరీంనగర్ వైపు వాళ్లం. ఆయన కడప సాయిబు. అందరికంటే పెద్దవారు కాబట్టి చాచా అనేవాళ్లం. గల్ఫ్‌కి రాకముందు మిలిటరీలో, లడాఖ్ మంచులో లారీలు నడిపారు. కొత్త టైరు వస్తే పుచ్చకాయ బేరమాడేవాడిలా తట్టి, నొక్కి, టైరు పళ్ల మధ్య గాడుల్లో వేళ్లు పెట్టి చూసేవారు. మేం నవ్వితే, "నవ్వండప్పా నవ్వండి, రేపు మిమ్మల్ని మోసేది ఇదే" అనేవారు.

ఒక చలికాలం కుండపోతగా వాన కురిసింది. తమ్ముడు పనిచేసే పైపులైన్ క్యాంపు సబ్ఖా అవతల ఉంది. సబ్ఖా అంటే ఉప్పు పేరుకున్న చదును నేల. పైన అప్పడంలాంటి పొర, కిందంతా బురద. దారి కొట్టుకుపోయి క్యాంపుకి తాగునీళ్లు ఆగిపోయాయి. తమ్ముడు జ్వరంతో పడి ఉన్నాడని వైర్‌లెస్‌లో కబురొచ్చింది. నీళ్లు తీసుకెళ్దామని చాచా తన ట్యాంకర్ తీశారు, నేనూ వెంట బయల్దేరాను.

బురద కదా అని చాచాయే లోతు పళ్ల టైర్లు ఎంచి వేయించారు. మంచులోనూ, బురదలోనూ ఆయనకి అచ్చొచ్చినవి అవే. సబ్ఖా అంచున నేను మా ఊళ్లోలాగే ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాను. బండి దాని మీదుగా కదిలింది. నిమ్మకాయ చిట్లిన చప్పుడు లేదు. చాచా దిగి, మోకాళ్ల మీద కూర్చుని వేలితో తవ్వి చూశారు. కాయ కాయలాగే బురదలోకి దిగిపోయింది.

"అపశకునం చాచా! మా తమ్ముడు దక్కడు" అని నేను తల పట్టుకున్నాను.

"శకునమేందప్పా! నేల చెప్తాంది. ఈ పళ్లు తవ్వుతాయి, తవ్వితే మునుగుతాం. ఖలాస్, ఇప్పండి టైర్లు."

జీవితమంతా నమ్మినవాటిని ఒక్క నిమ్మకాయను చూసి వదిలేశారు. ఆ ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇసుకలో తిరిగే బండివి, వెడల్పాటి నున్నటి టైర్లు తెప్పించి బిగించారు. ట్యాంకులో సగం నీళ్లు దింపించారు. చివరికి టైర్లు చపాతీ పిండిలా పరుచుకునేదాకా గాలి తీశారు.

"గాలి దీస్తే బండెట్ల పోతది చాచా?"

"మంచులో నేలను పట్టుకోవాల. బురదలో కొరకాల. ఈడ నేలకి తెలీకుండా పోవాల. ఎక్కు, యల్లా, పోదాం!"

పక్కనే కూర్చున్నాను. ఆయన బ్రేకు ముట్టలేదు, గేరు మార్చలేదు. ఆయన పెదాల మీద అల్లా, నా నోట్లో వేములాడ రాజన్న. బండి కింద నేల పరుపులా ఊగుతోంది. అబ్బ, ఏం మనిషండీ! అంత బరువు బండిని నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకెళ్లినట్టు తీసుకెళ్లారు.

క్యాంపులో అందరూ బకెట్లతో పరిగెత్తుకొచ్చారు. తమ్ముణ్ణి ఇద్దరు మోసుకొచ్చారు. చాచా నేల మీద కూర్చుని, వాడి తల ఒళ్లో పెట్టుకుని, దోసిట్లో నీళ్లు పట్టి పెదాలకి అందించారు. "నిదానంగా నాయనా, నిదానంగా." ఎండిన నోళ్లతో అంతమందీ ఖాళీ బకెట్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. వాడు తాగడం అయ్యేదాకా ఒక్కరూ కుళాయి ముట్టలేదు.