ఆయమ్మ తట్టేదాకా

బడి వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మకు ఒక పద్ధతి ఉంది. వ్యాను ఆగగానే ముందు తను దిగుతుంది. పిల్లల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుంది. ఆ తర్వాత వంగి చక్రాల పక్కన, వ్యాను ముందు చూస్తుంది. బంపరుకు దగ్గరగా నిలబడ్డ ఒకటో తరగతి పిల్ల డ్రైవరు సీటులోంచి కనబడదు మరి. అంతా చూశాక రేకు మీద రెండుసార్లు తడుతుంది. ఆ చప్పుడు వినబడితేనే బండి కదలాలి.

పాత డ్రైవరుతో ఇబ్బంది లేదు. పిల్లలు ఆయన్ని నత్త మామ అనేవారు. ఒకసారి ఆయమ్మ తట్టకముందే ఆయన బండిని కాస్త ముందుకు పోనిస్తే, ఆమె నడిరోడ్డు మీదే ఏకిపారేసింది. ఆయన మళ్లీ ఎప్పుడూ అట్లా పోనివ్వలేదు. సెలవుల్లో ఆయన మోకాళ్లు మొరాయించాయి. ఖాళీ అయిన ఆ సీటు కోసం ఆయమ్మ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి తన అల్లుడికి ఇప్పించింది. అతను పని లేక ఇంట్లో కూర్చున్నన్నాళ్లూ కూతురు ఫోనులో ఏడవని రోజు లేదు.

బడి తెరిచిన రోజు సాయంత్రమే సంగతి తెలిసిపోయింది. మొదటి వీధిలో పిల్లల్ని దాటించి తిరిగి చూసేసరికి బండి కదులుతోంది. మర్చిపోయిన నీళ్ల సీసా కోసం ఒక చిన్నది వ్యాను వైపు పరుగెత్తింది. ఆయమ్మ దాని జబ్బ పట్టుకుని లాగింది. జారిపడ్డ చెప్పు చక్రం కింద నలిగింది.

"బాబూ, నేను తట్టలేదు కదా!"

"అద్దంలో చూశాను అత్తయ్యా. మీరు మరీను! ఇట్లా అయితే చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరం."

నత్త మామ అయితే ఆ పూట చెవులు చిల్లులు పడేలా తిట్లు తినేవాడు. అల్లుణ్ణి ఏమంటుంది? గట్టిగా అంటే అలుగుతాడు, ఆ అలకంతా ఇంటికెళ్లి పెళ్లాం మీద తీర్చుకుంటాడు. ఆఫీసులో చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే, చక్రం కింద ప్రతిసారీ చెప్పు మాత్రమే పడదు. కూతురితో అని చూసింది.

"నువ్వు ఆయన్ని ఏమీ అనకమ్మా. ఇప్పుడిప్పుడే ఇల్లు కుదుటపడుతోంది," అంది కూతురు.

ఈ ఏడు మనవరాలు కూడా అదే వ్యానులో వెళుతోంది. ఆఖరి స్టాపు దానిదే. రెండో రోజు సాయంత్రం అక్కడ అల్లుడు ఇంజను ఆపేశాడు. తనే కిందికి దిగి, అటూ ఇటూ చూసి, పిల్లను దాటించి, అది గేటు లోపలికి వెళ్లేదాకా నిలబడ్డాడు. వచ్చి ఎక్కబోతూ, వంగి వ్యాను ముందు కూడా చూశాడు.

అంటే తెలియక కాదన్నమాట.

"అందరి పిల్లలకీ ఇట్లాగే ఆగొచ్చుగా బాబూ?"

"ఇది మన పిల్ల కదా అత్తయ్యా," అన్నాడు నవ్వుతూ.

మర్నాటి నుంచి ఆమె పద్ధతి మారింది. చిన్నవాళ్లను పెద్ద పిల్లల చేతికి అప్పగించి, తను వెళ్లి వ్యానుకు ఎదురుగా నిలబడుతోంది. అత్తగారి మీదికైతే పోనివ్వడు కదా అని ఆశ. వెనక బళ్లు హారన్లు కొడతాయి. అల్లుడు క్లచ్చు మీద కాలు ఆడిస్తాడు. బండి జానెడు జానెడుగా ముందుకొస్తుంది. రెండు అరచేతులూ రేకుకు ఆనించి, ఆమె జానెడు జానెడుగా వెనక్కి జరుగుతుంది. పిల్లలు ఇంకా దాటుతూనే ఉంటారు.