దేవుణ్ణి అడక్కుండా ఇచ్చిన మాట

మా ట్రెయిలర్ల పేటలో ఎవరినడిగినా, దోన్యా ఎలోడియాకి ఇంగ్లీషు రాకనే మనవరాలు చేయిజారిపోయిందని చెబుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడకి ఇంగ్లీషు వచ్చింది. దగ్గర కూర్చోబెట్టి అప్పజెప్పించుకున్నదాన్ని నేను, నాకు తెలియదా?

ఆవిడా నేనూ డాల్టన్ ఊళ్ళో ఒకే తివాచీల మిల్లులో పనిచేశాం. ఆవిడ కూతురు మారిబెల్‌కి జ్ఞానస్నానపు తల్లిని నేనే. అందుకే ఒకరినొకరం కొమాద్రె అని పిలుచుకుంటాం. ఆ మారిబెల్ మత్తు మాత్రలకు అలవాటుపడి పాడైపోయింది. ఒకరోజు పిల్లను కారులో వదిలేసి దుకాణం మెట్ల మీద స్పృహ లేకుండా పడి ఉంటే పోలీసులొచ్చి తల్లిని ఒకవైపు, నాలుగేళ్ళ యారెత్సిని ఒకవైపు తీసుకుపోయారు. పిల్లను పెంచమని ఒక తెల్ల దంపతులకి అప్పగించారు. అమ్మమ్మకి మిగిలింది శనివారం పూట పిల్లల సంక్షేమ ఆఫీసు గదిలో ఒక గంట. ఆ గదిలో మూల కుర్చీలో కాపలా కూర్చునే ఆవిడకి అర్థమయ్యే భాషలోనే మాట్లాడాలని రూలు. ముసలావిడా పసిపిల్లా సొంత భాషలో మాట్లాడుకుంటే ఏం కుట్ర పన్నుతారో మరి.

అందుకని ఎలోడియా చర్చి కింద గదిలో ఇంగ్లీషు క్లాసులో చేరింది. చెప్పేది మిస్ కారొలిన్ అని రిటైరైన టీచరు, మంచి మనిషే. జరిగిపోయినవాటి గురించీ, జరుగుతున్నవాటి గురించీ చెప్పడం ఎలోడియా బాగానే పట్టుకుంది. జరగబోయేదాని దగ్గరే బండి ఆగిపోయింది. మా స్పానిష్‌లో రేపటి కోసం ఇంత హంగామా అక్కర్లేదు, రేపు వెళ్తున్నాను అనేస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో 'విల్' తగిలించాలి. తగిలించడం త్వరగానే వచ్చింది. రానిదల్లా దాని తర్వాత నోరు మూసుకోవడం. "రేపు చిక్కుడు గింజలు వండుతాను, దేవుడి దయ ఉంటే" అని రాసేది. ఆ చివరి ముక్కను మిస్ కారొలిన్ ఎర్ర పెన్నుతో కొట్టేసేది. మర్నాడు ఎలోడియా మళ్ళీ అదే రాసేది.

మాలో ఆ ముక్క లేకుండా ఎవరూ రేపటి మాట ఎత్తరు. చిన్నప్పుడు మర్చిపోతే, రేపు నీ సొంతమనుకున్నావా అని మా అమ్మ నెత్తిన మొట్టేది.

తర్వాత, పిల్లను అమ్మమ్మకి ఇవ్వొచ్చో లేదో తేల్చడానికి ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఎలోడియా ఇల్లు చూడటానికి వచ్చింది. పిల్లకోసం వేసిన మంచం, పొయ్యి, తలుపు గడియ అన్నీ చూసి మెచ్చుకుంది. ఆపైన ప్రశ్నలు మొదలుపెట్టింది. పిల్లను రోజూ బడికి పంపుతావా? పంపుతాను, దేవుడి దయ ఉంటే. కూతురొస్తే లోపలికి రానివ్వకుండా ఉంటావా? రానివ్వను, దేవుడి దయ ఉంటే. నేను పక్కనే కాఫీ పోస్తున్నాను. ఒక్కో జవాబుకీ ఆ అమ్మాయి మొహం బిగుసుకుపోవడం నేను చూశాను, ఎలోడియా చూడలేదు. ఆవిడ మర్యాదగా, గట్టిగా మాటిస్తున్నాననే అనుకుంది.

కోర్టులో ఆ అమ్మాయి లేచి, ఈవిడ దేనికీ బాధ్యత తీసుకోదు, అన్నీ గాలికి వదిలేస్తుంది అని చెప్పింది. దేవుడి మీద ప్రమాణం చేసి మరీ చెప్పింది. కోర్టులో పనికొచ్చిన దేవుడు ఎలోడియా వంటింట్లో పనికిరాకుండా పోయాడు. జడ్జి ఇంకో ఆరు నెలలు చూద్దామన్నాడు.

ఆ ఆరు నెలలూ నేనే ఆఫీసరమ్మని. మిల్లు నుంచి వచ్చాక మా వంటింటి బల్ల దగ్గర అవే ప్రశ్నలు వేసేదాన్ని. ఎలోడియా 'ఐ విల్' అని పెదాలు బిగించేది, బల్ల కింద మాత్రం చేత్తో సిలువ గీసుకునేది.

"చెయ్యి పైన పెట్టు. దేవుడికి బల్ల కిందనుంచి లంచమిస్తున్నావా?" అన్నాను ఒకసారి.

"నీకేం కొమాద్రె, నువ్వు చర్చికొచ్చేది తమాలెస్ తినడానికేగా," అని నవ్వింది. వెంటనే మొహం చిన్నబుచ్చుకుంది. "ఇలా అంటుంటే ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి తలుపేసినట్టుందే."

పిల్ల ఇల్లు చేరాక ఆయనకి ఎన్ని క్షమాపణలైనా చెప్పుకోవచ్చన్నాను. మెల్లగా ఆ ముక్క మానేసింది, సిలువా మానేసింది.

చివరి శనివారం నా కారులోనే తీసుకెళ్ళాను. అప్పటికి యారెత్సి స్పానిష్ దాదాపు మర్చిపోయింది, లీతా అని అమ్మమ్మను పిలిచే పిలుపొక్కటే మిగిలింది. గంట అయిపోయాక పిల్ల గుమ్మం దగ్గర ఆగి, "లీతా, వచ్చే శనివారం వస్తావా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఎలోడియా నిటారుగా నిలబడి "ఐ విల్" అంది. అక్కడితో ఆపేసింది. మూల కుర్చీ ఆవిడ తలూపింది. కారెక్కాక, ఒక్క ముక్క ఎక్కువ అనలేదు చూశావా అని దారంతా మురిసిపోయింది.

ఆ గురువారమే కోర్టు పిల్లను ఆ దంపతులకి శాశ్వతంగా ఇచ్చేసింది. పిల్ల అక్కడ అలవాటుపడిందట, ఇక కదిలించకూడదట. శనివారాలు కూడా రద్దు చేశారు. ఎలోడియాను మళ్ళీ ప్రశ్నలడగడానికి ఎవరూ రానేలేదు.

శనివారం ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఇస్త్రీ చేసిన స్కర్టు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. ఆఫీసునీ జడ్జినీ నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. దేవుడికి కోపమొచ్చి ఇలా చేశాడని కుమిలిపోకు, ఇది మనుషులు చేసిన పని అన్నాను.

"దేవుడి సంగతి కాదు కొమాద్రె, దాని సంగతి," అంది. "ఈపాటికి బూట్లేసుకుని గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఆ ముక్క కూడా అనుంటే, దేవుడు రానివ్వలేదనుకునేది. ఇప్పుడు నేనే రాలేదనుకుంటుంది."