పాలకుర్తి దారిలో ముల్లు తీసుకునే పిల్ల

చిన్నప్పుడు నాకు చరిత్ర అంటే ఒళ్ళుమంట. ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో బట్టీ కొట్టించేవాళ్ళు, తప్పితే వేళ్ళ మీద కొట్టేవాళ్ళు. హన్మకొండలోని సుబేదారిలో ఉద్యోగం చేస్తూ కూడా వేయిస్తంభాల గుడి ముందు నుంచి బస్సులో పోవడమే తప్ప ఒక్కసారి దిగి చూసింది లేదు. అలాంటిదాన్ని ఎనభైల మొదట్లో ఒక పాడుబడ్డ గుడి కోసం బయల్దేరానంటే అది మా అమ్మ వల్లే. ఆ చలికాలం మా అమ్మ లచ్చమ్మ పోయింది. దినాలకు వచ్చిన చిన్నమ్మ కొమురమ్మ, "మీ అమ్మ, నేను బర్రెలు గాసిన గుడి సూత్తవా బిడ్డా? ఆడి బొమ్మలకు పేర్లు గూడ వెట్టుకున్నం" అంది. ఆ బొమ్మల మాట అమ్మ చెప్పేది. నా కాల్లో ముల్లు తీసినప్పుడల్లా, "మా గుళ్ళె పిల్లకు గూడ ముల్లు ఇరిగింది, అది ఏడుత్తాందా?" అనేది. నన్ను ఊరుకోబెట్టడానికి అల్లిన కథనుకున్నాను.

ఇలాంటి చోటికి వెళ్ళాలంటే పొద్దున్నే కదలండి. అప్పట్లో హన్మకొండలో ఏడింటి బస్సెక్కితే, వర్ధన్నపేట మీదుగా పాలకుర్తి చేరేసరికి పది దాటేది. అక్కడి నుంచి ఆ ఊరికి బస్సు లేదు, గంటసేపు నడక. ఊరి పేరు రాయను. విగ్రహాల దొంగలు కూడా చదువుతారు. పాలకుర్తిలో గుట్ట కింద చిన్న హోటల్లో చాయ్ తాగుతుంటే, మిర్చీలు వేస్తున్నామె ఎక్కడికని అడిగింది. చెప్పాం.

"ఇంకేడి గుడి అక్కా? రోడ్డు ఏత్తాన్రు గద. ఆ రాళ్ళే కొట్టి పోత్తాన్రు."

చిన్నమ్మ చాయ్ గ్లాసు వదిలేసి లేచింది. ఆ వయసులో అంత వేగం నేను చూడలేదు, వెనక పరుగెత్తలేక నాకు ఆయాసం వచ్చింది.

గుడికి కప్పు లేదు. నిలబడ్డ స్తంభాలు కొన్నే. పక్కన ట్రాక్టరు, దాని నిండా పగలగొట్టిన నల్లరాయి. పైన ఒక ముక్క మీద మడిచిన కాలు, పాదం దగ్గర రెండు వేళ్ళు. ముల్లు తీస్తున్న వేళ్ళు. అమ్మ అల్లలేదు. ఆ పిల్ల నిజంగానే ఉండేది. మొహం కోసం ట్రాక్టరెక్కి రాళ్ళన్నీ తిరగేశాను. లేదు.

"నిన్నటి లోడుల పోయింది కావచ్చు" అన్నాడు మేస్త్రీ, బీడీ ముట్టించుకుంటూ. "ఈ పాత రాళ్ళు ఎవలికి గావాలమ్మా? రోడ్డయితే మీకే మంచిది."

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు, గొంతు మాత్రం రెండు రోజులు రాలేదు. చిన్నమ్మ అరవలేదు. నాట్యం చేస్తున్న బొమ్మ ఉన్న స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది.

"ఇది మా అక్క. దీని పేరు లచ్చమ్మ. కొడుతవా? ముందుగాల నన్ను కొట్టు."

చేలల్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు వచ్చారు. చిన్నమ్మ వయసున్న ఒకామె ఇంకో బొమ్మను చూపించి, "మరి ఇది నేను" అని దాని ముందు కూర్చుంది. చూస్తుండగానే ప్రతి స్తంభం దగ్గరా ఒకరు. మేస్త్రీ చాలాసేపు తిట్టి, చివరికి ఉన్న లోడు దించి ఖాళీ ట్రాక్టరుతో వెళ్ళిపోయాడు.

ఆ వారమే పాత కట్టడాలు చూసుకునే ఒక సర్కారు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి తలెత్తకుండా, "ఆ గుడి మా కింద రాదు" అన్నాడు. ఎవరి కిందికి వస్తుందో చెప్పమంటే ఫ్యాను వేసుకున్నాడు. ఆ కోపంతోనే లైబ్రరీకి పోయి కాకతీయుల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. మొట్టమొదటిసారి ఎవరూ కొట్టకుండా చదివాను. ఆ మెట్ట చెలకల్లో ముల్లు విరిగిన ఆడపిల్లను చూసి, రాతిలో నిలబెట్టాలనుకున్న శిల్పి ఎవరో తెలుసుకోవాలని చదివాను. అతని పేరు ఎక్కడా లేదు. రాజుల పేర్లు మాత్రం అన్నీ ఉన్నాయి.

మిగిలిన స్తంభాలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. చాలామంది "ఎంత బాగా కాపాడుకున్నారో" అంటారు. నాకు మండుతుంది. ఆ పిల్ల మొహం తారు కింద ఉంది, దాని మీద నుంచి బస్సులు పోతున్నాయి. అమ్మ చెప్పినప్పుడే ఒక్కసారి వెళ్ళి ఉంటే ఆ మొహం ఎలా ఉండేదో ఈరోజు మీకు రాసి చెప్పేదాన్ని. చరిత్ర నాకు ఇష్టమైంది నిజమే. కానీ అది సంతోషంగా మొదలైన ఇష్టం కాదు, ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పేరున్న గుళ్ళ ముందు నిలబడి ఫొటోలు ఎలాగూ దిగుతారు. దారిలో పొలాల మధ్య పేరులేని మండపం కనిపిస్తే బండి ఆపి, ప్రతి స్తంభాన్నీ నాలుగు వైపులా ఫొటో తీయండి. తిరుగు ప్రయాణంలో చూద్దాంలే అనుకోకండి.