అన్నయ్య గుద్దు కంటే ముందే

పోయిన నెల జలుబు చేసి దగ్గు ఎంతకీ తగ్గకపోతే, తిరువూరులోనే ఎక్స్‌రే తీయించుకుందామని వెళ్లాను. చొక్కా విప్పి నిలబడ్డాక, ఎక్స్‌రే తీసే అమ్మాయి నా ఎడమ చంక కింద నుంచి వీపు దాకా పాకిన మచ్చను చూసి, "ఇదేంటి తాతగారూ, ఎవరన్నా కత్తితో కోశారా?" అని అడిగింది. ఆపరేషనమ్మా అన్నాను. అది సగం నిజం. మిగిలిన సగం నలభై ఏళ్లకి పైగా మా అన్నయ్యకీ నాకూ మధ్యనే ఉండిపోయింది. నోటి మాట కంటే చెయ్యి ముందు లేచే ఇళ్లల్లో పెరిగిన నా ఈడు వాళ్లకి చెబితే అర్థమవుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

నాన్నకి ఊరి చివర చిన్న రైసు మిల్లు ఉండేది. పెనుగొలను నుంచీ ఎ.కొండూరు నుంచీ ధాన్యం వచ్చేది. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైన అన్నయ్య పదో తరగతి తప్పి మిల్లులో చేరి, ఒక్కడే బస్తా ఎత్తి భుజాన వేసుకునేవాడు. నేను డిగ్రీ పూర్తిచేసి, పొడుగ్గా, సన్నగా, ఎముకలు లెక్కపెట్టేట్టు ఉండేవాణ్ణి. కాల్లో మేకు దిగినా గుడ్డ కట్టుకుని సాయంత్రం దాకా మిల్లు నడిపిన మనిషి మా నాన్న. ఆయన ముందు ఒళ్లు నొప్పి అనడమే సిగ్గుగా ఉండేది.

ఇరవై ఒకటో ఏట, ఒకరోజు పొద్దున్నే స్నానం చేసి చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, ఎడమవైపు ఛాతీలో ఏదో పుటుక్కున తెగినట్టయింది. ఆ వెంటనే కత్తి దించినట్టు నొప్పి భుజం దాకా పాకింది. గట్టిగా గాలి పీలిస్తే మధ్యలోనే ఆగిపోతోంది. అయినా ఎవరికీ చెప్పకుండా మిల్లుకి వెళ్లాను.

ఆ రోజు బస్తాలు మోసే ముఠాలో ఇద్దరు రాలేదు. ట్రాక్టరు మీద ధాన్యం ఉండిపోయింది. సాయం పట్టమని అన్నయ్య కేకేశాడు. నేను కదల్లేక గోడకి ఆనుకుని కూర్చున్నాను. పదిమంది ముందూ వాడు నన్ను సోమరి అన్నాడు, ఆడంగి అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చి, పదో తరగతి గట్టెక్కలేని వాడికి బస్తాలు కాక ఇంకేం దొరుకుతాయి అన్నాను. వాడు నా కాలరు పట్టి లేపి, ఛాతీ మీద ఒక్క గుద్దు గుద్దాడు.

నేను ఊకలో పడ్డాను. నోరు తెరిచినా గాలి లోపలికి రాలేదు. పెదవులు నల్లబడ్డాయట. అప్పుడే వచ్చిన నాన్న నన్ను చూశాడు, అన్నయ్యను చూశాడు, మూలనున్న మిషను బెల్టు ముక్క అందుకున్నాడు. వాడు పారిపోలేదు, చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. బనీను చిరిగి, వీపు మీద చర్మం లేచి, నెత్తురు పంచెలోకి కారేదాకా నాన్న ఆగలేదు. ఆపడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఊకలో పడి ఉన్న నాకు మాత్రం అంతా తెలుస్తూనే ఉంది.

నన్ను కారులో బెజవాడ తీసుకెళ్లారు. ప్రతి గోతికీ ప్రాణం నోట్లోకి వచ్చింది. ఒక ఊపిరితిత్తి ముడుచుకుపోయిందని చెప్పి, డాక్టరు మత్తు పూర్తిగా ఎక్కకముందే పక్కటెముకల మధ్య కోసి, గొట్టాన్ని బలంగా లోపలికి తోశాడు. నేను పెట్టిన కేకకి బయటున్న అమ్మ స్పృహ తప్పిందట. గొట్టం రెండో కొస నీళ్ల సీసాలో ఉంచారు, ఊపిరి వదిలినప్పుడల్లా అందులో బుడగలు వచ్చేవి. దెబ్బ తగిలిందా అని అడిగితే, మెట్ల మీద నుంచి పడ్డాడని నాన్న చెప్పాడు. నేను తలాడించాను.

నాలుగు నెలలకి మళ్లీ వచ్చింది, ఈసారి కుర్చీలో ఊరికే కూర్చుని ఉండగా. ఆ డాక్టరే, నాన్న మందులకని వెళ్లినప్పుడు నా మంచం పక్కన కూర్చుని, ఇది దెబ్బ వల్ల వచ్చేది కాదని చెప్పాడు. కొందరు సన్నటి కుర్రాళ్లకి ఊపిరితిత్తి మీద పలచటి బుడగలుంటాయట, వాటంతటవే పగులుతాయట. నాకంతా అర్థమైంది. అయినా ఇంటికొచ్చి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాన్న, అన్నయ్య దెబ్బకి చావబోయానని, నా పక్కన కూర్చుని అన్నం తినిపిస్తున్నాడు. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. ఇంతకంటే నీచమైన పని నా జీవితంలో ఇంకోటి చేయలేదు.

అన్నయ్య మాత్రం తన గుద్దుకే లోపల చిల్లి పడిందనుకున్నాడు. ఇంట్లో తినడం మానేసి మిల్లులోనే ఉండేవాడు. నేను రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, వాడు మిల్లు వెనక గోడకేసి కుడి పిడికిలి పగిలేదాకా కొట్టుకోవడం, మిల్లుకి ఆనుకునే ఉన్న మా ఇంటి కిటికీలోంచి చూశాను. రెండు వేళ్లు విరిగాయి. గేరులో పడ్డాయని అందరికీ చెప్పాడు.

మూడోసారి వచ్చినప్పుడు నాన్న ఊళ్లో లేడు. నడివేసవి మధ్యాహ్నం, అన్నయ్యే నన్ను భుజాన వేసుకుని మిల్లు వ్యానులో పడుకోబెట్టి బయలుదేరాడు. ఎ.కొండూరు దాటాక కళ్లు చీకట్లు కమ్మాయి. ఇక బతకననే అనుకున్నాను.

"అన్నయ్యా, ఆ రోజు పొద్దున్నే వచ్చింది నొప్పి. నువ్వు కొట్టకముందే" అన్నాను, ఒక్కో మాటకీ ఆగుతూ.

వాడు తల తిప్పలేదు. ఆ వంకర వేళ్ల చేత్తో స్టీరింగు మీద దబదబా నాలుగు దెబ్బలు వేశాడు.

"మాట్లాడకు. ఊపిరి దాచుకో" అన్నాడు.

ఈసారి పక్క కోసి, బుడగలున్న ముక్క తీసేసి, ఊపిరితిత్తి ఛాతీ గోడకి అతుక్కునేట్టు లోపలంతా గీకారు. వారంపాటు ఒంట్లో నిప్పులు పోసినట్టుండేది. లేచి కూర్చోగలిగిన రోజున అన్నయ్య వచ్చి, తలుపు దగ్గర నర్సు చూస్తుండగానే నా చెంప పగలగొట్టాడు. తర్వాత మంచం మీద కూర్చుని, బత్తాయి ఒలిచి, తొన తొనగా నా నోట్లో పెట్టాడు.

"నాన్నకి చెప్పొద్దు. ఆయన తట్టుకోలేడు" అన్నాడు.

ఎడమవైపు మళ్లీ రాలేదు గాని, కుడివైపు రెండుసార్లు వచ్చింది. అందుకే ఈత కొట్టలేదు, పిల్లల పుట్టినరోజుకి బుడగ ఊదలేదు, తుమ్ము వస్తుంటే పక్కటెముకలు రెండు చేతులతో అదిమిపట్టుకోవడం అలవాటైపోయింది. నాన్న ఆ బెల్టు దెబ్బలు న్యాయమేననుకుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు. మనవరాలు కడుపునొప్పి అంటే చాలు, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది. మాకూ అలా నోరు విప్పే వీలుంటే ఎన్ని దెబ్బలు తప్పేవో అనిపిస్తుంది. ఇది రాస్తానని అన్నయ్యకి ఫోను చేసి అడిగాను. "రాస్తే రాయి. నాన్నని మాత్రం చెడ్డవాణ్ణి చెయ్యకు" అన్నాడు. నాకు చేతనైనంత జాగ్రత్తగానే రాశాను.