సుక్రి తీసిన మనుషులు

నా పేరు మీద ఒక మంచిపని ఉంది. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ పని నేను చెయ్యలేదు. చేసిన మనిషిని దొంగ అన్నారు. అంటుంటే విన్నాను, విని ఊరుకున్నాను. చెడ్డపని చేసినవాడికి దాన్ని ఎక్కడో దాచుకునే వీలైనా ఉంటుంది. చెయ్యని మంచిపనిని మోసేవాడికి ఆ వీలు కూడా లేదు. ఊరే దాన్ని రోజూ వాడి నెత్తిన పెడుతుంది, పైగా దండ వేస్తుంది. నాకు కోపంగా ఉంది. ముందు నా మీద. తర్వాత ఈ ఊరి మీద. మీరు నవ్వినా సరే, ఆ తర్వాత సినిమాల మీద.

సినిమాల సంగతే ముందు చెబుతాను. విషయం అక్కడే బయటపడింది.

మాది రాయగడలో టోకు వ్యాపారం. అల్లం, పసుపు, చింతపండు. తాతల నాడు విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళం. కొట్టు తమ్ముడికి అప్పజెప్పాక మేడమీద గదిలో హోమ్ థియేటర్ పెట్టించుకున్నాను. గోడ నిండా తెర, చుట్టూ స్పీకర్లు, మూల సబ్‌వూఫర్. తెర మీద విమానం లేచిందంటే కిటికీ అద్దాలు గలగలమంటాయి, కింద వంటింట్లో మా ఆవిడ తిట్టుకుంటుంది. ఆదివారం భోజనాలయ్యాక కర్టెన్లు వేసుకుని కూర్చుంటాం. మా బావమరిది, పక్క కిరాణా కొట్టాయన, రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన, నేను. చూసేవి పాత ఇంగ్లీషు సినిమాలు, అన్నీ విమాన ప్రమాదాలవే. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో వీటికోసం క్లాసులు ఎగ్గొట్టేవాణ్ణి. పైలెట్‌కి గుండెపోటు వస్తుంది. ఇంజనుకి నిప్పంటుకుంటుంది. విమానం మంచుకొండ మీదో సముద్రంలోనో పడుతుంది. అప్పుడు ఒకడు లేస్తాడు. చొక్కా చేతులు మడుస్తాడు. అందర్నీ బయటికి తెస్తాడు. ఆ వయసులో, అవసరం పడితే నేనూ అలాగే లేస్తాననుకునేవాణ్ణి. ఎవరనుకోరు?

ఇప్పుడు మళ్ళీ చూస్తుంటే నా కళ్ళు వాడికోసం వెతకవు. ఆ సినిమాల్లో ఇంకొకడుంటాడు, మీరు గమనించారో లేదో. తలుపు తెరుచుకోగానే ఆడవాళ్ళని తోసుకుంటూ ముందుకి పోయేవాడు. వాడికి పేరుండదు. రెప్పపాటు కనిపిస్తాడు, గదిలో అందరూ థూ అంటారు, అంతటితో వాడి పని అయిపోతుంది. తర్వాత వాడేమయ్యాడు? ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాడా? ఎవరైనా పిలిచి శాలువా కప్పారా? ఏ సినిమా చెప్పదు. అసలు వాడి కథ మొదలయ్యేదే అక్కడ కదా, అక్కడ వాడిని వదిలేసి దొరల కావలింతలు చూపిస్తే ఎలా? కాపాడేవాడు ఎప్పుడూ అందగాడే ఎందుకవ్వాలి? అల్లం బస్తా మీద కూర్చున్న ఆడదానికి ఆ విమానాల్లో చోటుండదు. ఉన్నా, కాపాడింది ఆవిడేనంటే మనం ఒప్పుకోం. ఒప్పుకోమని నాకు తెలుసు. ఆ ఒప్పుకోకపోవడం మీదే నేను ఇన్నేళ్ళు బతికాను.

సినిమా చివరికి వచ్చేసరికి మా బావమరిది నా వైపు తిరుగుతాడు.

"మా బావకి ఇయ్యన్నీ ఆటలు. ఈయన నిజంగా సేసేడు."

అందరూ తల ఊపుతారు. నేనూ ఊపేవాణ్ణి.

జరిగింది ఇది. వానాకాలం. పనిమీద కోరాపుట్ వెళ్ళి బస్సులో రాయగడ తిరిగొస్తున్నాను. లక్ష్మీపూర్ దాటాక ఘాటీలో ఒక మలుపు దగ్గర మట్టి జారింది. బస్సు పక్కకి ఒరిగి, చెట్లు విరుచుకుంటూ దిగి, కింద పారే గెడ్డలో పక్కవాటంగా పడింది. గెడ్డ మంచి జోరు మీద ఉంది. నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. సీట్లు గోడలయ్యాయి, కిటికీలు నెత్తిమీదికి వచ్చాయి. నా పైన ఒక కిటికీ పగిలి ఉంది. కింద ఎవరి భుజం మీదో కాలు పెట్టాను. పైకి ఎక్కుతుంటే ఎవరో నా చీలమండ పట్టుకున్నారు. ఆడమనిషి చెయ్యి. గాజులు తగిలాయి. రెండో కాలితో తన్నాను. చెయ్యి వదిలేసింది. నేను బయటపడ్డాను.

తన్నానని ఇప్పుడు ఒక్క మాటలో రాసేశాను. ఆ ఒక్క మాట రాయడానికి ఎన్ని ఆదివారాలు పట్టిందో.

ఒడ్డెక్కి ఒక రాయి మీద కూలబడ్డాను. నాకు దెబ్బలేం తగల్లేదు. కాళ్ళు ఆడక కాదు, ఆడాయి, పరుగెత్తుకునే వచ్చాను కదా. లేవలేదు, అంతే. అక్కడినుంచి సుక్రిని చూశాను.

సుక్రి లక్ష్మీపూర్ పైనున్న కొండ ఊళ్ళలో ఎక్కడిదో. ఏ ఊరని నేనెప్పుడూ అడగలేదు. ముఖం మీద పచ్చబొట్లు, బక్క మనిషి. ఏళ్ళ తరబడి మా కొట్టుకి అల్లం తెచ్చేది. ఆ రోజూ బస్సులో వెనక బస్తా మీద కూర్చునే వచ్చింది. అందరికంటే ముందు బయటపడింది ఆవిడే. ఇంటిదారి పట్టి ఉంటే ఎవరేమనేవారు? పట్టలేదు. చీర గోచీ పెట్టుకుని మళ్ళీ లోపలికి దిగింది. ఒకరిని తెచ్చింది. మళ్ళీ దిగింది. ఒక చిన్నపిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "పట్టుకో సావుకారీ" అంది. ఆ తర్వాత పిల్ల తల్లిని లాక్కొచ్చింది. ఆ తల్లికి ఊపిరి అందడం లేదు. మెళ్ళో గొలుసు తీసి సుక్రి చేతిలో పెట్టి, పిల్ల వైపు చూపించింది. ఇదంతా నేను చూశాను. కూతవేటు దూరం కూడా లేదు.

జీపులొచ్చేసరికి తడిసిన బట్టలతో, ఎవరిదో రక్తం మరకలతో, పిల్లని పట్టుకుని కూర్చున్న మనిషిని నేను. ఎవరో ఫోటో తీశారు. అది పేపర్లో పడింది. అందర్నీ తీసింది ఈయనే అని రాశారు. నేను చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. పిల్ల తల్లి దారిలోనే పోయింది.

సుక్రి కొంగు ముడిలో గొలుసు దొరికింది. ఆవిడ పిల్ల తండ్రి కోసం ఆసుపత్రి బయట కాచుకుని కూర్చుంది, ఇచ్చేసి పోదామని. ఆయన రాకముందే జనం పట్టుకున్నారు. శవాల మీద నగలు ఒలిచిందన్నారు. కొట్టారు. ఠాణాకి లాక్కుపోయారు. మర్నాడు నాకు కబురొచ్చింది.

నాకు కుర్చీ వేశారు. ఆవిడ నేలమీద ఉంది. పెదవి చిట్లి ఉంది.

"నువ్వు సూసినావు కదా సావుకారీ," అంది. "ఆ తల్లి నా సేతిలో ఎట్టింది. పిల్లకి ఇమ్మంది. సెప్పు."

అధికారి నన్ను ఒడియాలో అడిగాడు, చూశారా అని.

"నేను పిల్లని పట్టుకుని ఉన్నాను. అటు సూళ్ళేదు," అన్నాను.

సుక్రి నా వైపు చూసింది. ఏడవలేదు. "పిల్లని నీకు ఇచ్చింది ఎవులు?" అని అడిగింది.

నేను అధికారి వైపు తిరిగాను. పక్కనున్న కానిస్టేబులు మనవాడే, శ్రీకాకుళం వైపువాడు. "సావుకారు గార్ని నువ్వడుగుతావేటి? నోర్ముయ్," అని కసిరాడు. అంతటితో అయిపోయింది. నాకు టీ తెప్పించారు. తాగాను.

ఎందుకలా చేశానని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. ఆవిడ మీద నాకు కక్షా లేదు, కోపమూ లేదు. ఆవిడే లోపలికి దిగి తీసిందని చెబితే, మరి మీరేం చేస్తున్నారని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న రాకూడదని ఒక మనిషిని కోరాపుట్ జైలుకి పంపాను. నమ్మడానికి ఊరికి ఒక్క క్షణం పట్టలేదు. నా మాటకి సాక్ష్యం అడిగినవాడు లేడు, ఆవిడ మాట విన్నవాడు లేడు. ఆవిడ తీసినవాళ్ళని పిలిచి అడిగినవాడూ లేడు. తర్వాతెప్పుడో కేసు నిలబడక వదిలేశారని విన్నాను. సుక్రి మా కొట్టుకి మళ్ళీ రాలేదు. "బస్సు పడితే సాలు, కొండోళ్ళు నగలకి దిగుతారు" అని బజార్లో ఒక మాట పుట్టింది. ఆ మాట నా కొట్టు ముందే, నా ముందే అనేవారు. నేను అల్లం తూకం వేస్తూ వినేవాణ్ణి.

ఆ పిల్ల పేరు హేమ. తండ్రి రైల్వేలో సిగ్నల్ పని. పుట్టినరోజు వచ్చినప్పుడల్లా నా కాళ్ళకి దణ్ణం పెట్టించడానికి తీసుకొచ్చేవాడు. నన్ను పెదనాన్నా అని పిలుస్తుంది. ఇప్పుడు బిస్సమ్ కటక్‌లో బడిలో పాఠాలు చెబుతోంది. ఈమధ్య ఒక ఆదివారం వచ్చి మాతోపాటు సినిమాకి కూర్చుంది. మంచులో విమానం పడింది. ఆ పేరులేనివాడు ఒక ముసలావిణ్ణి మోచేత్తో నెట్టి ముందుకి పోయాడు.

"అలాటి మనిషికి నిద్దరెలా పడతాది పెదనాన్నా?" అంది హేమ.

రిమోట్ నా చేతిలోనే ఉంది. సినిమా ఆపేశాను.

"పడతాది అమ్మి. బాగానే పడతాది. నాకు పడతాది కదా," అన్నాను.

అని మొత్తం చెప్పాను. రాయి మీద కూర్చోవడం, గొలుసు, ఠాణా. గాజుల చెయ్యి కూడా. దాచింది ఏమీ లేదు.

మా వాళ్ళు ఏం చేశారో తెలుసా? బావమరిది నవ్వాడు. "గొప్పోళ్ళు ఇలాగే సెప్తారమ్మా, తమ గొప్ప తాము ఒప్పుకోరు," అన్నాడు. కిరాణా ఆయన ఆ ప్రమాదం నా మనసులో ఉండిపోయిందనీ, విశాఖపట్నంలో మంచి డాక్టరున్నాడనీ చెప్పాడు. రైల్వే పెద్దాయన నమ్మాడు. అదే ఇంకా ఘోరం. "ఇప్పుడెందుకండీ ఇయ్యన్నీ? మనోళ్ళలో ఒక మంచిపేరు ఉంది, ఉండనీండి," అన్నాడు. ఒక్కరైనా సుక్రి ఏమైందని అడగలేదు. అబద్ధం చెప్పినప్పుడు రెండో ప్రశ్న వెయ్యకుండా నమ్మినవాళ్ళు, నిజానికి ఇన్ని వంకలు ఎక్కడ వెతికారు? ఆ గదిలో ఆ రోజు వచ్చిన కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు. అయినా నాకేం హక్కుంది? వాళ్ళకి ఈ నమ్మకం అలవాటు చేసింది నేనే.

హేమ నవ్వలేదు.

"ఆ సెయ్యి మా అమ్మదేనా?" అని అడిగింది.

"తెలీదమ్మి. తిరిగి సూళ్ళేదు."

 హేమ లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది. వచ్చినప్పుడల్లా పెట్టే దణ్ణం పెట్టలేదు. ఆ గదిలో నా మాట విన్నది ఆ పిల్ల ఒక్కర్తే.

నేను ఠాణాకి వెళ్ళాను. ఇప్పటి అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. అంత పాత కేసు కాగితాలు ఇక్కడ లేవన్నాడు. ఇప్పుడు రాసుకుని ఏం ప్రయోజనమన్నాడు. నాకు మళ్ళీ టీ తెప్పించబోయాడు. వద్దని లేచి వచ్చేశాను.

తర్వాత హేమ ఫోన్ చేసింది. లక్ష్మీపూర్ సంతకి వెళ్ళిందట. కొండవాళ్ళు మాట్లాడే దేశియా తెలిసిన తోటి టీచరమ్మని తోడు తీసుకుని అల్లం అమ్మే ఆడవాళ్ళందరినీ అడుగుతూ వెళ్ళిందట. సుక్రి బతికే ఉంది. చూపు తగ్గింది. ఇంకా అల్లమే అమ్ముతోంది. బస్సులోంచి తీసిన పిల్ల తనేనని చెబితే, హేమ ముఖాన్ని రెండు చేతులా తడిమి చూసిందట. తల్లి సంగతి హేమ అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పిందట.

"మీరు వస్తే మాటాడతాదేమోనని అడిగేను," అంది హేమ.

"ఏటంది?"

"ఒద్దంది. అంతే."

హేమ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు.

నేనిక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆ 'ఒద్దంది' వినగానే నాకు సుక్రి మీద కోపం వచ్చింది. ఈ వయసులో ఇంత ధైర్యం చేసి నోరు విప్పానే, ఒక్కసారి ఎదురుపడి వినడానికి ఏమొచ్చిందని. చూశారా నా బుద్ధి? నేను వెళ్ళాలనుకున్నది ఆవిడకి ఏదో ఇవ్వడానికి కాదు. ఒక మాట తెచ్చుకోవడానికి. పోనీలే సావుకారీ అంటుందని. అది కూడా నా పేరు మీద వేసుకుందామని. ఆవిడ ఇవ్వలేదు. మంచిపని చేసింది.

అందుకే మీకు రాస్తున్నాను. మీరు నన్నెరగరు, నా మంచిపేరుతో మీకు పని లేదు. వంకలు వెతకరు. వెతికినా నేను వినను.

ఆ గెడ్డలోంచి బస్సు కండక్టర్ని తీసింది సుక్రి. కాలేజీ పిల్లలిద్దర్ని తీసింది. తల పగిలిన ఒక ముసలాయన్ని భుజాల కింద చేతులు వేసి లాగింది. బతకలేకపోయిన తల్లిని తీసింది. హేమని తీసింది. నేను ఎవర్నీ తియ్యలేదు. ఎవరు ఎదురొచ్చి అడిగినా వాళ్ళ ముందు కూడా ఇదే చెబుతాను, నవ్వినా చెబుతాను.   నాకు దక్కేది ఇంతే, ఇంతకు మించి అడగను.